చిన్న గుడ్లగూబలు ఎన్ని రకాలు? లెక్క చెవులతో పెట్టాలి

కొత్తగా చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నను రెండు ముక్కల్లో మళ్ళీ చెబుతాను. తెనాలిలో మీ పెరటి వేపచెట్టు తొర్రలో గోరింక అంత గుడ్లగూబలు రెండు కాపురం పెట్టాయి. పట్టపగలు కూడా కొమ్మ మీదకొచ్చి కూర్చుంటాయి. మనిషి కనిపిస్తే తల పైకీ కిందికీ ఊపుతాయి. అవి పెద్ద గుడ్లగూబ పిల్లలని మీ అత్తగారు అంటున్నారు, ఇంటికి మంచిది కాదు చెట్టు కొట్టించమని కూడా అంటున్నారు. మీ అబ్బాయేమో ఇలాంటి చిన్నవి లోకంలో ఎన్ని రకాలున్నాయని అడిగాడు. నెట్‌లో ఫొటోలు చూస్తే మీకు అన్నీ ఒకేలా కనిపించాయి. ఒకేలా ఉన్నవాటిని ఇన్ని జాతులుగా ఎలా విడదీశారన్నది మీ అసలు సందేహం.

ముందు చెట్టు సంగతి. కొట్టించకండి. అవి పిల్లలు కావు, ఎదిగిన జంట. మనవాళ్ళు పైడికంటి అని పిలిచే పక్షి అది. పైడి అంటే బంగారం కదా, నల్లపాప చుట్టూ ఉన్న పసుపు వలయం చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. ఇంగ్లీషులో స్పాటెడ్ ఔలెట్ అంటారు. ఈ 'ఔలెట్' అన్న మాట వల్లే చాలామంది పొరబడుతున్నారు. గుడ్లగూబ పిల్లనూ ఔలెట్ అంటారు, పొట్టి జాతి గుడ్లగూబనూ ఔలెట్ అనే అంటారు. మీది రెండో రకం. పొడవు 21 సెంటీమీటర్లు, బరువు 110 గ్రాముల చుట్టుపక్కల. దాని జీవితంలో అంతకుమించి పెరగదు.

తల ఊపడం మిమ్మల్ని బెదిరించడానికి కాదు. గుడ్లగూబ కన్ను మన కన్నులా గుండ్రంగా ఉండదు, గొట్టంలా ఉంటుంది, గుంతలో కదలదు. అందుకని మీరు ఎంత దూరంలో ఉన్నారో తెలుసుకోవాలంటే అది తలనే పైకీ కిందికీ, పక్కకీ జరిపి చూసుకోవాలి. మనం సూదిలో దారం ఎక్కించేటప్పుడు తల అటూ ఇటూ వంచి చూసుకుంటామే, ఇంచుమించు అదే పని.

ఇక మీ అబ్బాయి ప్రశ్న. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను, పక్షుల వెంట తిరగడం ముప్పై ఏళ్ళ నాటి అలవాటు. అయినా ఈ ప్రశ్నకు ఒక్క అంకె చెప్పమంటే తడబడతాను. ప్రపంచంలో గుడ్లగూబ జాతులు మొత్తం సుమారు 250. వాటిలో జానెడుకు కాస్త అటూ ఇటూగా ఉండే చిన్నవి దాదాపు సగం. 'చిన్న' అని ఎక్కడ గీత గీస్తామన్నదాన్ని బట్టి అంకె కొంత మారుతుంది. కానీ అంకె నిలకడగా ఉండకపోవడానికి అది కారణం కాదు. నేను కాలేజీలో చేరినప్పుడు పుస్తకాల్లో ఉన్న లెక్కకూ ఇప్పటి లెక్కకూ చాలా తేడా ఉంది, పెరిగినవాటిలో ఎక్కువ భాగం ఈ పొట్టివే. ఎందుకు పెరిగాయో చెబితే మీ రెండో సందేహానికీ జవాబు దొరుకుతుంది.

ఒక విషయం ముందే చెప్పాలి. చిన్న గుడ్లగూబలన్నీ ఒకే తల్లి పిల్లలు కావు. పొట్టిగా ఉండటం తప్ప కొన్నింటి మధ్య దగ్గర చుట్టరికమే లేదు. మన పైడికంటి, గ్రీసు దేశంలో కనిపించే లిటిల్ ఔల్, అమెరికా మైదానాల్లో నేల బొరియల్లో ఉండే బరోయింగ్ ఔల్ ఒక ఇంటివి. ఏథెన్స్ నగరం పాత వెండి నాణేల మీద ముద్రించుకున్నది ఆ లిటిల్ ఔల్‌నే. గ్రీసు 1 యూరో నాణెం మీద ఇప్పటికీ ఆ పాత నాణెం బొమ్మే ఉంది. మీ అత్తగారికి చెప్పి చూడండి: మీ చెట్టు మీది పక్షి దాయాదిని ఒక దేశం నాణెం మీద పెట్టుకుంది, బెంగాల్‌లో గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనం. మన దగ్గరే పాపం దాన్ని సినిమాల్లో శ్మశానం సీన్‌కి వాడుకున్నారు.

ఇంకో ఇల్లు స్కాప్స్ ఔల్స్‌ది. చెవుల్లా నిలబడే ఈకల కుచ్చులు, చెట్టు బెరడు రంగు ఒళ్ళు. గుడ్లగూబల్లో అన్నిటికంటే పెద్ద సంసారం ఇదే, యాభైకి పైగా జాతులు, ఆఫ్రికా నుంచి ఇండోనేషియా దీవుల దాకా. వీటికి దీటుగా అమెరికా ఖండాల్లో స్క్రీచ్ ఔల్స్ అనే మరో ఇల్లు ఉంది. చూడ్డానికి అచ్చం స్కాప్స్ లాగే ఉంటాయి, కానీ వేరు. నాలుగోది పిగ్మీ ఔల్స్. పేరుకు మరుగుజ్జులు గానీ తమ అంత బరువున్న పిట్టను కూడా పట్టుకెళ్ళే మొండి ఘటాలు. పగలు వేటాడతాయి కాబట్టి రాత్రి గుడ్లగూబల్లా చప్పుడు లేకుండా ఎగరాల్సిన అవసరం వీటికి అంతగా లేదు, రెక్కల చప్పుడు వినిపిస్తుంది కూడా. వీటిలో చాలావాటికి తల వెనక రెండు నల్ల మచ్చలుంటాయి, వెనక నుంచి చూస్తే ఇంకో ముఖం మిమ్మల్ని చూస్తున్నట్టు ఉంటుంది. మందగా వచ్చి వెనక నుంచి పొడిచే చిన్న పిట్టల్ని తికమక పెట్టడానికే ఈ దొంగ కళ్ళు అంటారు. హిమాలయాల్లో ఉండే కాలర్డ్ ఔలెట్‌కి ఇవి బాగా తెలుస్తాయి. ఆసియాలో అన్నిటికంటే చిన్న గుడ్లగూబ అదే.

అన్నిటిలోకీ తేలికైనది ఎల్ఫ్ ఔల్. అమెరికా నైరుతి మూలా, మెక్సికోలో ఉంటుంది. బరువు 40 గ్రాములు. ఒక కోడిగుడ్డు తీసి అరచేతిలో పెట్టుకోండి, అది ఈ పక్షి కంటే బరువు. మరోవైపు రష్యా తూర్పు అంచునా, జపాన్‌లోనూ బ్లేకిస్టన్స్ ఫిష్ ఔల్ ఉంది, నాలుగు కిలోలు దాటుతుంది. గుడ్లగూబల్లోనే చిన్నదానికీ పెద్దదానికీ వంద రెట్ల తేడా.

ఎల్ఫ్ ఔల్ బతుకు చూస్తే చిన్నగా ఉండటంలో లాభమేమిటో అర్థమవుతుంది. సొనోరా ఎడారిలో సగువారో అనే జెముడు చెట్లుంటాయి, తాటిచెట్టంత ఎత్తు నిలువు స్తంభాలు. గిలా అనే వడ్రంగి పిట్ట ఆ కండలో గూడు తొలుస్తుంది. గాయమైన చోట చెట్టు లోపల గట్టి పెంకు కట్టుకుంటుంది, అచ్చు కుండలోపలి గోడలా. వడ్రంగి పిట్ట వదిలేసి వెళ్ళాక ఆ కుండలో ఎల్ఫ్ ఔల్ చేరుతుంది. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల చల్లగా ఉంటుంది. పెద్ద గుడ్లగూబలకు ఆ ద్వారం పట్టదు, పాములకు ముళ్ళ చెట్టు ఎక్కడం కష్టం. తిండి పురుగులు, మిడతలు, తేళ్ళు. తేలు దొరికితే కొండి తీసేసి పిల్లలకు పెడుతుంది. చలికాలం పురుగులు దొరకవు కాబట్టి దక్షిణ మెక్సికోకి వలస వెళ్ళిపోతుంది, 40 గ్రాముల ఒంటితో. పెద్ద గుడ్లగూబ రాత్రంతా వెతికి ఒక ఎలుకను పట్టాలి. చిన్నదానికి వీధి దీపం కింద రాలే పురుగులు చాలు, వడ్రంగి పిట్ట వదిలేసిన ఒక కన్నం చాలు. పురుగులు ఎక్కువగా ఉండే వెచ్చటి దేశాల్లో చిన్న గుడ్లగూబలు ఇన్ని రకాలు ఉండటం వెనక ఈ లెక్క ఉంది.

ఇప్పుడు మీ అసలు సందేహం: ఒకేలా ఉంటే వేరు జాతులని ఎలా చెప్తారు?

నేనూ దీంట్లో మోసపోయాను. చాలా ఏళ్ళ క్రితం మారేడుమిల్లి అడవిలో ఒక రాత్రి టార్చ్ వెలుగులో ఒకే కొమ్మ మీద రెండు స్కాప్స్ ఔల్స్ పక్కపక్కన కూర్చుని కనిపించాయి. ఒకటి ఇటుక రంగు, ఒకటి బూడిద రంగు. రెండు వేరు జాతులు ఒకేచోట చూశానని నోట్‌బుక్‌లో గీతలు గీసి మరీ రాసుకున్నాను, తిరిగొచ్చి స్టాఫ్ రూంలో గొప్పలు కూడా చెప్పాను. తీరా తెలిసిందేమిటంటే అవి మొగుడూ పెళ్ళాలు. ఓరియెంటల్ స్కాప్స్ ఔల్‌లో ఎర్రవీ ఉంటాయి, బూడిదవీ ఉంటాయి, మనుషుల్లో చామన ఛాయ, ఎరుపు ఉన్నట్టే. ఇంకోవైపు, ఫొటోలో పక్కపక్కన పెడితే నేను కూడా విడదీయలేని రెండు స్కాప్స్ వేరు జాతులై కూర్చుంటాయి. రంగు నమ్మడానికి లేదు. ఇవన్నీ పగలు కొమ్మకు ఆనుకుని, కళ్ళు సన్నగా మూసుకుని, విరిగిన మోడులా కనిపించి బతకాల్సినవి. అందుకని అందరూ బెరడు రంగు బట్టలే కట్టుకున్నారు. వాటికి ఒకరినొకరు గుర్తుపట్టడానికి చీకట్లో మిగిలింది గొంతు ఒక్కటే.

ఆ గొంతులో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. పాట పాడే పిట్టలు, చిలకలు తమ పెద్దవాటి దగ్గర విని నేర్చుకుంటాయి, అందుకే వాటిలో ఊరికో యాస ఉండొచ్చు. గుడ్లగూబ నేర్చుకోదు. పుట్టుకతోనే కూత వస్తుంది. గుడ్డులోంచి వచ్చాక ఒక్కసారి కూడా తండ్రి గొంతు వినకపోయినా పెద్దయ్యాక అదే కూత కూస్తుంది. కాబట్టి రెండు దీవుల్లో గుడ్లగూబలు చూడ్డానికి ఒకేలా ఉండి, కూత మాత్రం పూర్తిగా వేరుగా ఉంటే, ఆ తేడా రక్తంలోనే ఉందన్నమాట. ఒకదాని కూతకు మరొకటి బదులివ్వదు, జత కట్టదు. టేప్ రికార్డర్లు అడవుల్లోకి వెళ్ళడం మొదలైన తర్వాతే ఈ సంఖ్య పెరగడం మొదలైంది. తర్వాత జన్యు పరీక్షలు వచ్చి చాలావాటిని ఖాయం చేశాయి. ఫిలిప్పీన్స్‌లో ఒకే జాతి అనుకున్న, హాక్ ఔల్ అనే చిన్న గుడ్లగూబని 2012లో కూతల ఆధారంగానే ఏడు జాతులుగా విడదీశారు.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇండోనేషియాలోని లోంబోక్ దీవిది. అక్కడి స్కాప్స్ ఔల్ నమూనాలు 1896 నుంచీ మ్యూజియంలో ఉన్నాయి. చూడ్డానికి మొలుక్కా దీవుల స్కాప్స్ లాగే ఉంది కాబట్టి ఆ పేరు చీటీ కట్టి అరలో పెట్టేశారు. 2003 సెప్టెంబరులో వేరే పని మీద వెళ్ళిన ఇద్దరు పరిశోధకులు, ఒకరికొకరు తెలియకుండా, కొద్ది రోజుల తేడాతో అక్కడ రాత్రి ఒక ఈల విన్నారు. మొలుక్కా పక్షి కాకిలా బొంగురుగా అరుస్తుంది. ఇదేమో 'పోక్' అని స్వచ్ఛంగా ఒకే ఈల వేస్తోంది. 2013లో దాన్ని రింజానీ స్కాప్స్ ఔల్ అని కొత్త జాతిగా ప్రకటించారు. తమాషా ఏమిటంటే ఆ దీవి జనం దాన్ని ఎప్పటినుంచో 'బురుంగ్ పోక్' అంటున్నారు. పోక్ అని కూసే పిట్ట అని అర్థం. మ్యూజియం వాళ్ళు నూరేళ్ళు ఈకలు చూస్తూ కూర్చున్నారు, ఊరివాళ్ళు విని పేరు పెట్టారు.

మన పక్కనే శ్రీలంకలో ఇలాంటిదే జరిగింది. 1995లో దీపాల్ వరకగొడ అనే ఆయన వానాడవిలో గుర్తుపట్టలేని ఒక చిన్న కూత విన్నారు. అది ఏ పక్షిదో కంటితో చూసేసరికి 2001 జనవరి వచ్చింది. ఆరేళ్ళు ఒక గొంతు వెంట తిరిగారు. సెరెండిబ్ స్కాప్స్ ఔల్‌గా దాన్ని 2004లో లోకానికి పరిచయం చేశారు. 1868 తర్వాత శ్రీలంకలో దొరికిన మొదటి కొత్త పక్షి జాతి అది. దానికి చెవుల కుచ్చులు లేవు, ఎర్రటి ఒళ్ళు, 16 సెంటీమీటర్ల పైచిలుకు పొడవు.

ఆఫ్రికా పడమటి తీరంలో ప్రిన్సిపే అనే చిన్న దీవి ఉంది. అక్కడ చిలకల్ని పట్టి అమ్ముకునేవాళ్ళు చెట్లెక్కినప్పుడు తొర్రల్లో ఏదో గుడ్లగూబను చూశామని చెబుతూ వచ్చారు. పరిశోధకులకు 1998 నుంచీ అనుమానం ఉంది. 2016లో కంటపడింది. 2022లో పేరు పెట్టారు. ఆ పేరు ఎవరిదనుకుంటున్నారు? ఒకప్పుడు చిలకలు పట్టి, తర్వాత అక్కడి పార్కులో రేంజర్‌గా మారిన స్థానికుడిది. ఆయన్ను ఊళ్ళో అందరూ బికెగిలా అంటారు, పక్షి శాస్త్రీయ నామం ఓటస్ బికెగిలా. సుమారు 15 చదరపు కిలోమీటర్ల పాత అడవిలోనే ఉంది, వెయ్యి నుంచి పదిహేను వందల దాకా ఉండొచ్చని అంచనా.

మన ఇండియన్ స్కాప్స్ ఔల్ శాస్త్రీయ నామంలోని 'బక్కమీనా' మాత్రం ఎవరి పేరూ కాదు, సింహళంలో గుడ్లగూబను 'బకమూన' అంటారు, అదే లాటిన్ వేషం వేసుకుంది.

అయితే ప్రతిసారీ గొంతే దారి చూపలేదు. మధ్య భారతంలోని ఫారెస్ట్ ఔలెట్ కథ వేరు. ఇక్కడ తప్పుదారి పట్టించింది ఒక అబద్ధపు చీటీ. ఈ కథ నేను క్లాసులో ఏటా చెప్పేవాణ్ణి, సిలబస్‌లో లేకపోయినా.

ఇప్పటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో 1872లో బ్లూయిట్ అనే ఆయన ఒక పక్షిని కొట్టి పంపితే, మరుసటేడు హ్యూమ్ అనే పక్షిశాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. చూడ్డానికి మన పైడికంటికి అన్నలా ఉంటుంది, కాస్త దిట్టం, తల పెద్దది. తర్వాత పన్నెండేళ్ళలో మరికొన్ని దొరికాయి. 1884 తర్వాత ఒక్కటీ లేదు. ప్రపంచం మొత్తం మీద మ్యూజియంలలో ఏడు నమూనాలు. ఒక్క నమూనా మీద మాత్రం 1914, గుజరాత్‌లోని మాండ్వి అని చీటీ ఉంది. చీటీ రాసినవాడు కర్నల్ మైనర్ట్స్‌హాగెన్, పక్షిశాస్త్రంలో పెద్ద పేరున్న సైనికాధికారి. ఆ చీటీని నమ్మి దశాబ్దాల పాటు గుజరాత్ వైపు వెతికినవాళ్ళున్నారు. సలీం అలీ, డిల్లన్ రిప్లీ అంతటి పక్షిశాస్త్రవేత్తలు ప్రయత్నించినా పక్షి దొరకలేదు. అంతరించిపోయి ఉంటుందనుకున్నారు.

1990లలో పమేలా రాస్ముసెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దక్షిణాసియా పక్షుల మీద పుస్తకం కోసం మ్యూజియం నమూనాలు పరిశీలిస్తూ ఈ కర్నల్‌గారి సేకరణలో లొసుగులు పట్టుకున్నారు. ఆయన ఇతరులు కొట్టిన నమూనాల్ని మ్యూజియం నుంచి దొంగిలించి, కుట్లు విప్పి, మళ్ళీ కుట్టి, తన పేరూ కొత్త ఊరూ రాసి చీటీ కట్టేవాడు. ఈ ఫారెస్ట్ ఔలెట్ కూడా అలాంటిదే. 1880లలో జేమ్స్ డేవిడ్‌సన్ అనే ఆయన మహారాష్ట్రలోని ఖాందేశ్‌లో సేకరించిన పక్షి అది. నమూనాను తయారుచేసే పద్ధతి మనిషికో తీరుగా ఉంటుంది, దర్జీ కుట్టు చూసి ఎవరు కుట్టారో చెప్పినట్టు. కుట్టింది డేవిడ్‌సన్ అని ఆ పనితనమే పట్టిచ్చింది. అంటే గుజరాత్ ఊసే అబద్ధం. దాంతో రాస్ముసెన్, బెన్ కింగ్, డేవిడ్ అబట్ ముగ్గురూ ఆ చీటీని పక్కనపెట్టి, నిజంగా పక్షి దొరికిన పాత చోట్లకే వెళ్ళారు. 1997 నవంబరు 25 ఉదయం, మహారాష్ట్రలో షహాదా దగ్గర, ఎండలో ఒక ఆకుల్లేని చెట్టు మీద అది కూర్చుని ఉంది. నూట పదమూడేళ్ళ తర్వాత. పగలు తిరిగే పక్షి కావడంతో తీరిగ్గా చూసుకోనిచ్చింది కూడా. ఆ తర్వాత మేల్ఘాట్, తాన్సా లాంటి చోట్ల కూడా కనిపించింది. పాత గుజరాత్ చీటీ అబద్ధమే గానీ, తర్వాత గుజరాత్ అడవుల్లోనూ దొరకడం విధి వింత.

ఆదిలాబాద్ టేకు అడవుల్లో ఫారెస్ట్ ఔలెట్ చూశామని ఫొటోలు పంపేవాళ్ళు అప్పుడప్పుడు తగులుతుంటారు. వాళ్ళకు నేను ఒక్కటే చెబుతాను: ముందు నెత్తి చూడండి. పైడికంటికి నెత్తి నిండా తెల్లచుక్కలు స్పష్టంగా చల్లినట్టు ఉంటాయి. ఫారెస్ట్ ఔలెట్ నెత్తి ఇంచుమించు ఒకే గోధుమ రంగు, రొమ్ము పైభాగం కూడా అంతే, కాళ్ళు లావుగా తెల్లటి ఈకలతో నిండి ఉంటాయి. నాకు వచ్చిన ఫొటోలన్నీ ఇప్పటిదాకా పైడికంటివే.

పెరూ కొండల్లో 1976లో ఇంకో వింత దొరికింది. పొగమంచు అడవిలో పిట్టల కోసం కట్టిన సన్న వలలో 14 సెంటీమీటర్ల కంటే మించని ఒక గుడ్లగూబ పడింది, ముఖం చుట్టూ పొడుగాటి మీసాలు. 'వింత గుడ్లగూబ' అనే అర్థం వచ్చేలా దానికి ప్రత్యేకంగా జెనోగ్లాక్స్ అని ఇంటిపేరే పెట్టాల్సి వచ్చింది. వల లేకుండా అడవిలో స్వేచ్ఛగా ఉన్నప్పుడు దాన్ని చూడ్డానికి 2007 దాకా పట్టింది.

వీటి అలవాట్ల గురించి రాయడం మొదలుపెడితే ఆగదు, మూడు మాత్రం మీ అబ్బాయి కోసం. బరోయింగ్ ఔల్ తన బొరియ గుమ్మం ముందు పశువుల పేడ తెచ్చి పరుస్తుంది. ఎందుకో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2004లో ఫ్లోరిడాలో పరీక్ష చేస్తే పేడ పరిచిన గూళ్ళ దగ్గర పక్షులు పది రెట్లు ఎక్కువ పేడపురుగులు తిన్నాయని తేలింది. చేపలకు ఎర వేసినట్టే, ఇది పురుగులకు వేస్తోంది. టెక్సస్‌లో ఈస్టర్న్ స్క్రీచ్ ఔల్ మన గుడ్డిపాము లాంటి సన్నటి పాముల్ని ప్రాణంతోనే గూటికి తెస్తుంది. అవి గూటి చెత్తలో పురుగుల్ని తింటూ ఉండిపోతాయి, అలాంటి గూళ్ళలో పిల్లలు త్వరగా ఎదుగుతాయి. జీతం లేని పనిమనిషి. యూరప్‌లోని పిగ్మీ ఔల్ చలికాలానికి ముందే చుంచెలుకల్ని, పిట్టల్ని తొర్రల్లో దాచిపెడుతుంది, మనం కంది పప్పు డబ్బాలకెత్తుకున్నట్టు. ఫిన్లాండ్‌లో ఇప్పుడు శరదృతువులో వానలు ఎక్కువై ఆ నిల్వలు గడ్డకట్టకుండా కుళ్ళిపోతున్నాయి.

ఇంత పెద్ద సంసారంలో పోయేవాళ్ళూ ఉన్నారు. బ్రెజిల్ ఈశాన్యంలో ఒక పిగ్మీ ఔల్‌ని 2002లో కొత్త జాతిగా ప్రకటించారు. దాని జాడ అడవిలో చివరిసారి దొరికింది 2001లో. పేరు పెట్టేసరికే పోయి ఉండొచ్చన్నమాట. పేరు మాత్రం ఇంటెల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన గోర్డన్ మూర్, ఆయన భార్య పేరు మీద ఉంది. అక్కడి తీరపు అడవిని చెరకు తోటలు మింగేశాక ముక్కలే మిగిలాయి, తొర్రలున్న ముసలి చెట్లు లేవు. 2021లో బ్రెజిల్‌లోనే మరో రెండు స్క్రీచ్ ఔల్స్‌కి పేర్లు పెట్టారు, వాటిలో ఒకటి ఇదే ఈశాన్య అడవుల్లోనిది, దాని పరిస్థితీ అలాగే ఉంది.

సరే, మళ్ళీ తెనాలికి వద్దాం. మీ చుట్టుపక్కల చీకట్లో వినిపించే చిన్న గుడ్లగూబల్ని ఇలా విడదీసుకోవచ్చు. సంధ్యవేళ ఇద్దరు కలిసి పోట్లాడుకుంటున్నట్టు 'చిర్ర్ చిర్ర్, చీవక్ చీవక్' అని గలభా చేస్తే పైడికంటి. మామిడితోటలో ఒక్కటే 'వట్?' అని ఎవరో ప్రశ్న అడిగినట్టు, కప్పలా, కొన్ని సెకన్లకొకసారి అడుగుతూనే ఉంటే ఇండియన్ స్కాప్స్. మొదటిసారి విన్నప్పుడు నేను నిజంగానే కప్ప అనుకుని చెరువు గట్టు మీద వెతికాను. మన్యం అడవుల వైపు వెళ్ళినప్పుడు 'టుక్, టోటోరోక్' అని దరువేసినట్టు వినిపిస్తే ఓరియెంటల్ స్కాప్స్. నల్లమలలో, అనంతగిరిలో 'కావ్... కావ్... కావ్‌కావ్‌కావ్' అని నెమ్మదిగా మొదలై వేగం అందుకుని ఆగిపోతే జంగిల్ ఔలెట్, దీని ఒంటి నిండా చుక్కలకు బదులు సన్నటి అడ్డచారలుంటాయి.

ఫోన్‌లో కూత పెట్టి వాటిని పిలవడం మాత్రం వద్దు. వేరే మగపక్షి తన ఇంటి మీదకొచ్చిందని అది వేట మానేసి మీ ఫోన్‌తో పోట్లాడుతుంది, గూట్లో పిల్లలు పస్తుంటాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పిల్ల ఒకటి చెట్టు కింద పడి కనిపించొచ్చు. అప్పుడు కంగారు పడి ఇంట్లోకి తీసుకెళ్ళకండి. నేను ఒకసారి అట్టపెట్టెలో పెట్టి రాత్రంతా కాపలా కాశాను, తల్లి కిటికీ బయట తెల్లవార్లూ అరిచింది, మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కుక్కలూ పిల్లులూ అందుకోకుండా దగ్గర్లోని కొమ్మ మీద పెట్టి దూరం జరిగితే చాలు, తల్లి వచ్చి తిండి పెడుతుంది. ఎవరైనా దీపావళి ముందు వచ్చి పక్షిని కొంటామంటే మాత్రం అటవీశాఖకు చెప్పండి. క్షుద్రపూజల కోసం వీటిని అమ్మే బేరం ఇంకా నడుస్తోంది, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

మీ అబ్బాయికి ఒక పని చెప్పండి. తొర్ర కింద నల్లటి, బొటనవేలి గోరంత ఉండలు పడి ఉంటాయి. రెట్ట కాదు, అరగని తిండిని పక్షి నోటితో కక్కిన ఉండలు. గ్లవుజులు వేసుకుని ఏరి, ఒక గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి అరగంట నానబెట్టి, అగ్గిపుల్లతో విప్పమనండి. మా ఇంటి దగ్గరివి విప్పితే పేడపురుగుల నీలిరంగు పెంకులు, మిడత కాళ్ళు, ఒకదాంట్లో చుంచెలుక దవడ పళ్ళతో సహా దొరికాయి. తర్వాత మీ అత్తగారిని కూడా పిలిచి ఆ దవడ చూపించండి, ఇంట్లో బియ్యం బస్తా ఎవరు కాపాడుతున్నారో ఆవిడకే తెలుస్తుంది. రాత్రి ఎప్పుడైనా ఆ 'వట్?' వినిపిస్తే టైము, ఎన్ని సెకన్లకొకసారి కూస్తోందో రాసుకుని, ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. మీ వేపచెట్టుకు ఇంకో కాపురం ఉందేమో విని చెబుతాను.